కుడి హెడ్‌లైటు వెలగలేదని చలానా రాశారు, కట్టాలా?

ప్రశ్న: గత నెల మా అక్క కూతురి పెళ్లికి కుటుంబంతో కారులో హైదరాబాద్ బయల్దేరాం. రాత్రి తొమ్మిదింటి వేళ హైవే మీద పోలీసులు ఆపారు. కుడివైపు హెడ్‌లైటు వెలగడం లేదన్నారు. బయల్దేరేటప్పుడు నేను చూసుకోలేదు గానీ దారిలోనే పోయి ఉంటుంది. కానిస్టేబుల్ వచ్చీ రాగానే కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం చెవి లాగేసుకున్నాడు. "ఐదొందలు ఇచ్చి పోండి, చలానా రాస్తే ఎక్కువైతది" అన్నాడు. రసీదు కావాలన్నాను. అప్పుడు ఎస్ఐ వచ్చి ఫొటో తీసి ఈ-చలానా రాశారు. మా అత్తమామల ముందు, పిల్లల ముందు దొంగలా నిలబడాల్సి వచ్చింది. మేం అక్కడ ఉండగానే వెనక లైటన్నది లేని ట్రాక్టర్లు, పత్తి లోడు లారీలు మా పక్కనుంచి పోయాయి. వాటిని ఎవరూ ఆపలేదు. తర్వాత అదే లైటుతో మెల్లగా హైదరాబాద్ చేరుకున్నాం. ఇప్పుడు ఈ ఫైను కట్టాలా? కోర్టుకు పోవచ్చా? ప్రభుత్వం డిస్కౌంటు ఇస్తుంది, ఆగమని మా తమ్ముడు అంటున్నాడు. వాడే రెండు తెల్ల ఎల్ఈడీ బల్బులు కూడా తెచ్చాడు, వేయించమంటారా?
– ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

సమాధానం:

ఫైను కట్టండి. తాళం చెవి లాక్కున్నందుకు, ఐదొందలు అడిగినందుకు ఫిర్యాదు చేయండి. అవి రెండూ వేర్వేరు సంగతులు. పోలీసు మీద కోపంతో ఫైను ఎగ్గొట్టాల్సిన పని లేదు, ఫైను కట్టేశాం కదా అని అవమానాన్ని దిగమింగుకోవాల్సిన పనీ లేదు.

మీరడిగినదానికి సమాధానం ఇంతే. కానీ మోటారు ప్రమాదాల పరిహారం కేసులు చూసే లాయరుగా మీ ఉత్తరంలో ఇంకో వాక్యం దగ్గర ఆగిపోయాను. "అదే లైటుతో మెల్లగా హైదరాబాద్ చేరుకున్నాం" అని రాశారు. చలానా కన్నా దాని గురించే మీతో ఎక్కువ మాట్లాడాలని ఉంది. ముందు చట్టం సంగతి చూసేసి అక్కడికి వస్తాను.

చలానాలో ఏ సెక్షను రాశారో మీరు చెప్పలేదు. అది చూడకుండా కట్టకండి. మోటారు వాహనాల చట్టం 1988లో లైటు లోపానికి రెండు సెక్షన్లు వాడటానికి వీలుంది. ఒకటి 177. ప్రత్యేకంగా వేరే శిక్ష చెప్పని తప్పులన్నిటికీ ఇది వర్తిస్తుంది. 2019 సవరణ తర్వాత దీని కింద మొదటిసారికి 500 రూపాయల దాకా, ఆ తర్వాత చేస్తే 1500 దాకా జరిమానా. పొద్దుగూకిన అరగంట నుంచి తెల్లవారడానికి అరగంట ముందు దాకా కారుకు హెడ్‌లైట్లు వెలుగుతూ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 105వ నిబంధన చెబుతుంది. దాన్ని పాటించలేదని ఈ సెక్షను కింద రాస్తారు.

రెండోది 190(1). ఇతరులకు ప్రమాదం తెచ్చే లోపం ఉన్న బండిని రోడ్డెక్కించడం. దీనికి 1500 దాకా జరిమానా. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరికైనా దెబ్బలు తగిలినా, ఆస్తి పాడైనా మూడు నెలల దాకా జైలు, లేదా 5000 దాకా జరిమానా, లేదా రెండూ. అంతేకాదు, 190 కింద తప్పు చేశారని నమ్మితే 206వ సెక్షను ప్రకారం మీ లైసెన్సు తీసుకుని రవాణా శాఖకు పంపే అధికారం కూడా ఉంది. మీ లైసెన్సు తీసుకున్నట్టు రాయలేదు కాబట్టి 177 కిందే రాసి ఉంటారని అనుకుంటున్నాను. ఎప్పుడైనా, ఎక్కడైనా లైసెన్సు తీసుకుంటే మాత్రం రాతపూర్వకంగా రసీదు అడగండి. అది ఇవ్వడం చట్టం వాళ్ల మీద పెట్టిన బాధ్యత.

ఇవి కోర్టు వేయగలిగే గరిష్ఠ మొత్తాలు. మామూలుగా మనం కట్టేది, కోర్టుకు పోకుండా తేల్చుకోవడానికి 200వ సెక్షను కింద రాష్ట్ర ప్రభుత్వం ఖరారు చేసిన కాంపౌండింగ్ మొత్తం. అందుకే ఖమ్మంలో రాసిందీ, సరిహద్దు దాటి ఆంధ్రప్రదేశ్‌లోని తిరువూరులో రాసిందీ ఒకేలా ఉండాలని లేదు.

కోర్టుకు పోవచ్చా అన్నారు. నిక్షేపంగా పోవచ్చు. కాంపౌండింగ్ అంటే తప్పు ఒప్పుకుని డబ్బు కట్టడం. ఒప్పుకోనంటే మెజిస్ట్రేటు ముందు మీ వాదన చెప్పుకునే హక్కు ఎవరూ తీసేయలేరు. లైటు బాగానే వెలుగుతుంటే రాశారనో, ఫొటోలో ఉన్న బండి మీది కాదనో రాసి ఉంటే నేనే పొమ్మనేవాణ్ణి. కానీ మీ లైటు వెలగలేదని మీరే ఒప్పుకున్నారు. ఇక మిగిలింది "నాకు తెలియదు" అన్న వాదన. 190వ సెక్షనులో దీనికి జవాబు ముందే ఉంది: నడిపేవాడికి తెలిసిన లోపమే కాదు, మామూలు జాగ్రత్త తీసుకుంటే తెలిసి ఉండే లోపం కూడా తప్పే. 105వ నిబంధనకైతే మీకు తెలుసా లేదా అన్న ప్రశ్నే లేదు, వెలగాలి అంతే. "బయల్దేరేటప్పుడు చూసుకోలేదు" అని మీరే రాశాక దారిలోనే పోయిందని ఏ మెజిస్ట్రేటునూ ఒప్పించలేం. దాని కోసం ఒక పనిదినం పోగొట్టుకోవద్దని నా సలహా.

నిజానికి అది దారిలో పోయి ఉండకపోవచ్చు కూడా. చిన్న కార్లలో చాలావాటికి హెచ్4 అనే బల్బు ఉంటుంది. ఒకే గాజులో రెండు తీగలు: బ్రైట్‌కి 60 వాట్లది, డిమ్‌కి 55 వాట్లది. ఊళ్లో, ఎదురుగా బండ్లు వస్తున్నప్పుడు మనం వాడేది డిమ్. కాబట్టి ఎక్కువగా ముందు తెగేది ఆ తీగే. బ్రైట్ తీగ మాత్రం బాగానే ఉంటుంది. బ్రైట్ వేస్తే రెండువైపులా వెలుగుతుంది, అంతా సవ్యంగా ఉందనుకుంటాం. డిమ్ వేసినప్పుడు కుడిపక్క చీకటి పడుతుంది, కానీ పట్నంలో వీధిదీపాల వెలుతురులో అది తెలియదు. ఇలా ఒంటి లైటుతో వారాల తరబడి తిరిగే కార్లు ఎన్నో.

దీన్ని కనిపెట్టడానికి మెకానిక్కు అక్కర్లేదు. చీకటిపడ్డాక ఏదైనా గోడకు ఎదురుగా కారు నిలిపి డిమ్ వేయండి. గోడ మీద రెండు వెలుగు మచ్చలు పడాలి. తర్వాత బ్రైట్ వేసి అలాగే చూడండి. వెనక లైట్లకు కారును తిప్పి గోడ వైపో, మూసిన దుకాణం షట్టరు వైపో పెట్టి బ్రేకు తొక్కితే అద్దంలో ఎర్రటి వెలుగు రెండుపక్కలా పెరగడం కనిపిస్తుంది. ఒకపక్కే పెరిగితే బల్బు పోయింది. ఏ పక్కా పెరక్కపోతే సాధారణంగా ఫ్యూజో, బ్రేకు పెడల్ పైన ఉండే చిన్న స్విచ్చో కారణం. ఇండికేటర్ అయితే తనే చెబుతుంది: ఒక బల్బు పోతే చాలా కార్లలో టిక్కుటిక్కుమనే చప్పుడు ఉన్నట్టుండి వేగం అందుకుంటుంది. చాలామంది అది విని కూడా పట్టించుకోరు.

ఒక సంగతి ఆలోచించండి. ఆటోలకు, లారీలకు, బస్సులకు ఎప్పటికప్పుడు ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. సొంత కారు ఒకసారి రిజిస్టరైతే 15 ఏళ్ల దాకా దాన్ని రవాణా శాఖ మళ్లీ చూడదు. ఆ 15 ఏళ్లలో మీ లైట్లు వెలుగుతున్నాయో లేదో చూసే ప్రభుత్వ మనిషి ఎవరంటే, రాత్రిపూట రోడ్డు మీద ఆపే ఆ ఎస్ఐ ఒక్కరే. ఆయన ఆపడం మీ మంచికే జరిగిందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. ఆ కానిస్టేబుల్ తీరు వేరే విషయం, దానికీ వస్తాను.

ఇప్పుడు మీ కుడి లైటు దగ్గరికి. హెడ్‌లైటు మనకు దారి కనిపించడానికని అందరం అనుకుంటాం. "ఒక లైటు ఉన్నా రోడ్డు కనిపిస్తోంది కదా" అన్న ధైర్యం అందుకే వస్తుంది. 105వ నిబంధన మీ లైట్లు 155 మీటర్ల ముందున్న మనుషుల్నీ బండ్లనూ స్పష్టంగా చూపించాలంటుంది. గంటకు 80 కిలోమీటర్ల మీద పోతుంటే 155 మీటర్లు ఏడు సెకన్లు. ఒక లైటు తగ్గితే ఆ ఏడు సెకన్లలో కొన్ని పోతాయి. అది సగం నష్టమే. మిగతా సగం, ఎదుటివాడికి మీరెలా కనిపిస్తారన్నది.

చీకట్లో ఒకే లైటు కనిపిస్తే మన రోడ్ల మీద ఎవరైనా అనుకునేది బైకు అనే. 2017 ఏప్రిల్ నుంచి తయారయ్యే బైకులకు ఇంజను ఆన్‌లో ఉన్నంతసేపూ లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయ్యాక ఆ అలవాటు ఇంకా గట్టిపడింది. మీకు పోయింది కుడి లైటు, వెలిగింది ఎడమది. మనం రోడ్డుకు ఎడమవైపు నడుపుతాం కాబట్టి కుడి లైటు రోడ్డు మధ్య వైపు ఉంటుంది. ఎదురుగా వచ్చే బస్సు డ్రైవరుకు అంచున ఒక బైకు వస్తున్నట్టు కనిపిస్తుంది. బైకుకు ఎంత చోటు కావాలో లెక్కేసుకుని ముందున్న లారీని ఓవర్‌టేక్ చేయడానికి బయటికొస్తాడు. కానీ అతను చూసిన ఆ లైటుకు ఇవతల, రోడ్డు మధ్య వైపున మీటరుకు పైగా మీ కారు చీకట్లో ఉంది. అందులో స్టీరింగు ముందు మీరున్నారు. ఇద్దరూ 80 మీద వస్తుంటే మీ మధ్య దూరం సెకనుకు 44 మీటర్ల చొప్పున కరిగిపోతుంది. తప్పు తెలుసుకునే టైముండదు. ఎడమ లైటు పోయి కుడిది వెలుగుతుంటే కూడా ప్రమాదమే, కానీ కుడిది పోవడం అంతకన్నా ఘోరం.

హైవేకు మధ్యలో డివైడరు ఉంది కదా అనవచ్చు. మీ ఊరి నుంచి హైవే దాకా డివైడరు ఉందా? హైవే మీదైనా ఊళ్ల దగ్గర డివైడరు మధ్య ఖాళీలుంటాయి. పాల క్యాను వేసుకుని అడ్డంగా దాటే బైకు మనిషి, యూటర్ను తీసుకునే ట్రాక్టరు, వీళ్లంతా మీ లైటు చూసే దాటాలా ఆగాలా అన్నది తేల్చుకుంటారు. ఒంటి లైటుకు దూరం అంచనా కట్టడం కష్టం. రెండు లైట్లుంటే వాటి మధ్య ఎడం పెరిగేకొద్దీ బండి దగ్గరపడుతోందని కంటికి తెలుస్తుంది. ఒకటే ఉంటే ఆ ఆనవాలు పోతుంది.

అందుకే చలానా రాయించుకున్నాక మీరు అలాగే బయల్దేరడం నాకు బాధ కలిగించింది. చలానా ఆ రాత్రికి అనుమతి పత్రం కాదు. అదే లోపంతో ఇంకో చోట ఆపితే మళ్లీ రాయవచ్చు. నిజం చెప్పాలంటే ఎస్ఐ కూడా చలానా రాసి పంపేయకుండా "ముందున్న బంకు దగ్గర ఆగి బల్బు మార్పించుకోండి" అని ఒక్క మాట అనాల్సింది. హైవే మీద లారీలు ఆగే దాబాల పక్కన రాత్రిపూట పనిచేసే ఎలక్ట్రీషియన్లు ఉంటారు. మామూలు హాలోజన్ బల్బు రెండు మూడు వందలకు వస్తుంది, మార్చడానికి పది నిమిషాలు. దొరక్కపోతే వెలుతురున్న చోట ఆగిపోవడం, వెంట వచ్చేవాళ్లుంటే పిల్లల్నీ పెద్దవాళ్లనూ వేరే బండిలో పంపడం. అదీ కుదరనప్పుడు, అన్ని దారులూ మూసుకుపోయినప్పుడు మాత్రమే, ఫాగ్ లైట్లుంటే అవి కూడా వేసుకుని, రెండు లైట్లూ బాగున్న ఒక బస్సు వెనక తగినంత ఎడంగా, దగ్గర్లో ఆగదగిన చోటు దాకా వెళ్లాలి. హైదరాబాద్ దాకా కాదు. డిమ్ పోయింది కదా అని బ్రైట్ వేసుకుని పోవడం మాత్రం ఎదుటివాళ్ల కళ్లు పొడవడమే.

కోర్టులో ఇది ఏ రూపంలో వస్తుందో కూడా చెబుతాను. ప్రమాదం జరిగాక పోలీసులు పంచనామా రాస్తారు, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు బండిని పరీక్షించి నివేదిక ఇస్తారు. ఆ నివేదిక చివర, బండిలోని యాంత్రిక లోపం వల్ల ప్రమాదం జరిగిందా లేదా అన్న వాక్యం ఉంటుంది. పరిహారం కేసులో బీమా కంపెనీ లాయరు ముందు తిరగేసే కాగితం అదే. ఎదుటి డ్రైవరుది ఎంత తప్పున్నా, మీ లైటు వెలగలేదని రికార్డుకెక్కితే "మీ తప్పూ ఇందులో ఉంది" అన్న వాదన మొదలవుతుంది. పరిహారం తేల్చే ట్రిబ్యునల్ దాన్ని ఒప్పుకుంటే మీకు రావాల్సిన పరిహారంలో ఆ వంతు కోత పడుతుంది. ఇంటి పెద్దను పోగొట్టుకున్న కుటుంబం, రెండు మూడొందల బల్బు కారణంగా వచ్చే డబ్బులో కొంత వదులుకోవాల్సి రావడం ఎంత దారుణమో ఆ ట్రిబ్యునల్ గదిలో కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది. మీ ఇంట్లోవాళ్లకు ఆ గది చూసే అవసరం రాకూడదని కోరుకుంటున్నాను.

ట్రాక్టర్ల సంగతి. మీ కోపం నూటికి నూరుపాళ్లు న్యాయం. వెనక లైటు లేని ట్రాలీ, పత్తి బోరేలు రెండుపక్కలా ఉబ్బెత్తుగా వేలాడి లైట్లను కప్పేసిన లారీ, టైరు పంచరై రోడ్డు మీదే చీకట్లో నిలిపేసిన టిప్పరు, ఇవి మీ ఒంటి లైటు కన్నా ఎక్కువ ప్రమాదం. వాటిని వెనకనుంచి గుద్దేసిన కారులో ఉన్నవాళ్ల ప్రాణాలకే ముప్పు, ఎందుకంటే ఎత్తైన లారీ వెనక భాగం నేరుగా కారు అద్దం ఎత్తుకు వస్తుంది. రవాణా వాహనాలకు వెలుతురు పడితే మెరిసే టేపులు, రిఫ్లెక్టర్లు ఉండాలని 104వ నిబంధన చెబుతోంది. వరి కోతలప్పుడు, పత్తి మార్కెట్లు తెరిచినప్పుడు ఆ నిబంధన ఎక్కడికి పోతుందో పోలీసులూ రవాణా శాఖా కలిసి జవాబు చెప్పాలి. రైతు మీద కేసులు పెట్టమని నేననడం లేదు. మార్కెట్ యార్డు గేటు దగ్గరే ప్రతి ట్రాలీకి ఎర్ర టేపు అంటిస్తే అయిపోయే పని ఇది. కారు యజమాని సులువుగా ఫైను కడతాడు కాబట్టి అతన్నే ఆపుతారన్న అనుమానం జనంలో ఉంది. దాన్ని పోగొట్టాల్సింది పోలీసులే.

అయినా ఇది మీ చలానాకు జవాబు కాదు. వాళ్లను వదిలేశారు కాబట్టి నన్నూ వదలాలన్న వాదన కోర్టులో నిలవదు. మీరు చేయగలిగింది ఒకటుంది. జాతీయ రహదారి మీద లైట్లు లేకుండా నిలిపిన బండి కనిపిస్తే 1033కి ఫోను చేయండి. అది జాతీయ రహదారుల సంస్థ హెల్ప్‌లైను. దగ్గర్లోని కిలోమీటరు రాయి నంబరో, టోల్ గేటు పేరో చెబితే పెట్రోలింగ్ బండి వస్తుంది. బండి నడుపుతూ కాకుండా పక్కనున్నవాళ్ల చేత చేయించండి.

ఇక తాళం చెవి. యూనిఫాంలో ఉన్న పోలీసు ఆపమంటే ఆపాలి, లైసెన్సు అడిగితే చూపాలి. డిజిలాకర్‌లోనో ఎం-పరివాహన్‌లోనో ఉన్నా చెల్లుతుందని 2018లో నిబంధన మార్చారు. అంతవరకు మన బాధ్యత. బండిని నిర్బంధించే అధికారం 207వ సెక్షనులో ఉంది. అది లైసెన్సు లేకుండా, రిజిస్ట్రేషన్ లేకుండా, పర్మిట్ లేకుండా నడిపే సందర్భాలకు. హెడ్‌లైటు వెలగకపోవడం అందులో లేదు. కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం లాక్కోమని మోటారు వాహనాల చట్టంలో ఏ సెక్షనూ చెప్పదు. ఇంజను ఆన్‌లో ఉన్న బండికి అలా చేయడం ప్రమాదం కూడా. కాంపౌండింగ్ డబ్బు తీసుకునే అధికారం రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన అధికారులకే ఉంటుంది, అదీ రసీదుతోనే. "చలానా లేకుండా ఐదొందలు" అన్నది లంచం. ఆ క్షణంలో, ఇంటిల్లిపాదీ చూస్తుండగా, మీరు రసీదు అడిగారు. మీరు దొంగలా నిలబడ్డానని రాశారు. నాకు మాత్రం ఆ చోట నిటారుగా నిలబడిన మనిషి మీరే. మీ పిల్లలు చూసింది కూడా అదే అని వాళ్లకు చెప్పండి.

ఫిర్యాదు మీ జిల్లా ఎస్పీకి కాదు, ఆపిన చోటు ఏ జిల్లా కిందికి వస్తే అక్కడి ఎస్పీకి, కమిషనరేట్ అయితే కమిషనరుకు రాయండి. ఒక పేజీ చాలు. చలానా నంబరు, తేదీ, సమయం, చోటు, కానిస్టేబుల్ బ్యాడ్జీ పేరు గుర్తుంటే పేరు, లేకపోతే ఆ రాత్రి అక్కడ డ్యూటీలో ఉన్నవాళ్లని రాయండి. చలానా రాసిన అధికారి వివరం రికార్డులో ఎలాగూ ఉంటుంది. జరిగింది జరిగినట్టు, విశేషణాలు లేకుండా. లైటు వెలగలేదని మొదటి వాక్యంలోనే ఒప్పుకోండి, ఫైను కట్టిన రసీదు జతచేయండి. తన తప్పు ఒప్పుకుని కట్టేసిన మనిషి రాసిన ఫిర్యాదును "ఫైను పడిందన్న అక్కసు" అని పక్కన పెట్టడం ఎవరికీ అంత తేలిక కాదు. లంచం అడగడం మీద అవినీతి నిరోధక శాఖకు (ఏసీబీ) చెప్పాలనుకుంటే తెలంగాణలో 1064 ఉచిత నంబరు. ఇంకో మాట: అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేసినవాళ్లకే రక్షణ. మీరు ఇవ్వలేదు, మంచిపని చేశారు.

డిస్కౌంటు కోసం ఆగమన్న మీ తమ్ముడి మాట వినకండి. తెలంగాణలో 2022లో, మళ్లీ 2023 చివర్లో పెండింగు చలానాలకు రాయితీ ఇచ్చిన మాట నిజమే. దాంతో టైముకు కట్టినవాళ్లు పిచ్చివాళ్లన్న భావన జనంలో నాటుకుపోయింది. నా దృష్టిలో అది ప్రభుత్వం చేసిన చెడ్డ అలవాటు. మళ్లీ ఇస్తారన్న హామీ లేదు, ఈలోగా కేసు కోర్టుకు వెళ్తే తిరగాల్సింది మీరు. కట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త. వాట్సాప్‌లో "మీ చలానా పెండింగులో ఉంది" అంటూ ఒక ఫైలు పంపి, దాన్ని ఫోనులో ఇన్‌స్టాల్ చేయగానే బ్యాంకు ఖాతా ఊడ్చేసే మోసం బాగా నడుస్తోంది. పోలీసులు చలానాను యాప్ ఫైలుగా పంపరు. తెలంగాణ పోలీసు ఈ-చలానా వెబ్‌సైటులోకి మీరే వెళ్లి కట్టండి, లేదా మీసేవలో కట్టి రసీదు తీసుకోండి.

చివరగా ఆ ఎల్ఈడీ బల్బులు. వేయించకండి, తమ్ముడికి తిరిగిచ్చేయండి. మీ కారు హెడ్‌లైటు లోపలి అద్దం హాలోజన్ బల్బు తీగ ఎక్కడ వెలుగుతుందో ఆ చోటును బట్టి చేసింది. ఎల్ఈడీలో వెలిగే భాగం ఆకారం, కొలత వేరు. అందుకని వెలుతురు రోడ్డు మీద పడాల్సిన చోట పడక పైకి, పక్కలకు చెదిరిపోతుంది. నడిపేవాడికి తెల్లగా, ఘనంగా కనిపిస్తుంది. ఎదుటివాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి. డిమ్ చేసిన వెలుగు 8 మీటర్ల దూరంలో, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కంటిని మిరుమిట్లు గొలపకూడదని 106వ నిబంధన.  రేపు దానికి ఇంకో చలానా పడుతుంది, అప్పుడు నేను మీ తరఫున మాట్లాడను. వర్షంలో, పొగమంచులో ఆ తెల్ల వెలుగు మీ కంటికే తిరిగి కొడుతుంది. 100 వాట్ల హాలోజన్ బల్బులు కూడా వద్దు, వాటి వేడికి ప్లాస్టిక్ హోల్డరు, వైరు కరిగిపోతాయి.

కంపెనీ చెప్పిన వాట్లదే మామూలు హాలోజన్ జత కొనండి. ఒకటి పోయిందంటే రెండోదానికీ అంతే వయసు కాబట్టి రెండువైపులా మార్చడం మేలు. వేసేటప్పుడు గాజును వేళ్లతో ముట్టుకోనివ్వకండి. చేతి జిడ్డు అంటుకున్న చోట వేడెక్కి బల్బు త్వరగా పోతుంది, ఇనుప అడుగు భాగం పట్టుకోవాలి. వేశాక గోడ ముందు డిమ్ పెట్టి రెండు మచ్చలూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూడండి, ఒకటి పైకి ఉంటే హెడ్‌లైటు వెనకున్న స్క్రూతో దించమని మెకానిక్కును అడగండి. తీసేసిన ఎడమ బల్బు ఇంకా వెలుగుతుంది కదా, దాన్ని పారేయకుండా మెత్తటి గుడ్డలో చుట్టి డాష్‌బోర్డు అరలో పెట్టుకోండి. ఇంకో రాత్రి దారిలో బల్బు పోతే దాబా దగ్గర షాపు మూసేసి ఉన్నా అది పనికొస్తుంది.